వెలగని పోగులు

హనుమంతవాక జంక్షన్‌లో రాత్రి పదకొండు దాటాక
మ్యాన్‌హోల్ మూత పక్కకి దొర్లించి
బురదలోంచి నల్ల కేబుల్‌ని పైకి లాగాను.
తోలు ఒలిస్తే ఎనిమిది గొట్టాలు,
గొట్టానికి పన్నెండు పోగులు.
నీలం నారింజ ఆకుపచ్చ గోధుమ
బూడిద తెలుపు ఎరుపు నలుపు
పసుపు ఊదా గులాబి.
పన్నెండోదానికి కంపెనీ ఏ పేరు పెట్టినా
అది యారాడ దగ్గర పదిగంటల ఎండలో సముద్రం.

వెలుగుతున్నది ఒక్క గొట్టమే.
మిగతా ఎనభై నాలుగూ పాతిన రోజు నుంచి చీకట్లోనే.
ఒకటి పాతినా వంద పాతినా
గొయ్యి ఖర్చు ఒకటే కదా అన్నారప్పుడు.

ఆఫీసులో వాటిని ఖాళీ అనరు. రేపు అంటారు.
వైదేహి మేడం గోడమీద బొమ్మలు వేసి చెబుతుంది:
ఈ నాలుగూ మధురవాడ కొండమీద సర్వర్లకి,
ఆ ఆరూ పోర్టులో మనిషి ఎక్కని క్రేన్లకి,
ఒకటి పాడేరు దాకా,
ఘాట్‌రోడ్డు దిగలేని చూలాలి కడుపులో
చిన్న గుండె చప్పుడు కేజీహెచ్‌కి మోసుకురావడానికి.
మిగిలినవి ఎవరికో ఇంకా తెలీదు.
తెలీని వాటి కిందే
అన్నిటికన్నా పెద్ద అంకె వేసింది.

ఇవాళ ఆ అంకెని చూడ్డానికి మనిషి వచ్చాడు,
బొంబాయి నుంచి, దస్తూర్ గారట.
బూట్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని గోతి అంచున వంగి
"ఇవి బతికే ఉన్నాయా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు.
రెండో గొట్టంలో ఒక పోగు కొస తుడిచి
ఎర్రలైటు పెన్నుకి తగిలించాను.
సాగర్‌నగర్ గోతిలో జోగులున్నాడు.
ఫోన్ స్పీకర్లో పెట్టాం.
కాసేపు గాలి. కెరటం చప్పుడు.
"వచ్చీసిందన్నా! ఎర్ర సుక్క.
అగరొత్తి సివర్నాగ."

దస్తూర్ గారు నవ్వి ఏదో రాసుకున్నాడు.
అప్పుడే ఫోన్లో ఇంకో గొంతు,
జోగుల్ని పక్కకి నెట్టుకుని:
"ఒరే బావూ, ఎలగని తీగలక్కూడా డబ్బులొస్తాయేటి?"
"అద్దెకిస్తే వస్తాయమ్మా."
"పడుకున్నదానికి అద్దా!
మరి అది పడుకున్న ఇసక మాది కాదేటి?
అక్కడ నెత్తళ్లు ఎండేసుకునీదాన్ని.
తవ్వీసి ఎల్లిపోనారు. ఇప్పుడన్నీ కంకర్రాళ్లు.
నాకేటి అద్దె?"

వాసుపల్లి కొర్లమ్మ. జోడుగుళ్లపాలెం.
నాకా గొంతు తెలుసు.
తుపాను మర్నాడు ఊళ్లో ఒక్క స్తంభం నిలబడి లేనప్పుడు,
తెగిన కొసలు వెతుక్కుంటూ మేం ఇసకలో పాకుతుంటే
ఎగిరిపోయిన కప్పు కింద పొయ్యి రాజేసి
గంజీ ఎండుచేపా పెట్టిన గొంతు.
ఆ పూట ఆమె మమ్మల్ని
ఏ కంపెనీ అని అడగలేదు.

ఏమంటోందని దస్తూర్ గారు అడిగాడు.
"లోకల్ విషయం" అంది మేడం.
కారు తలుపులు మూసుకున్నాయి.

నేను పనిలో పడ్డాను.
వెంట్రుకకన్నా సన్నటి రెండు కొసలు ఎదురెదురుగా పెడితే
మెషీన్లో చిటికెడు మెరుపు,
గాజు కరిగి గాజుని పట్టుకుంటుంది.
నష్టం సున్నా పాయింట్ సున్నా రెండు అని చూపించింది.
మెషీన్‌కి తెలిసిన నష్టం అంతే.

పోగు పోగుకీ ఒక చీటీ అంటించాలి.
వెలిగేవాటి మీద అద్దెకి తీసుకున్నవాళ్ల పేరు,
వెలగనివాటి మీద అడ్డగీత.
ఎనభై మూడు గీతలు గీశాను.
రెండో గొట్టం, పన్నెండో పోగు, ఆ సముద్రం రంగుది,
దాని మీద గీయలేదు.
కొర్లమ్మ, జోడుగుళ్లపాలెం అని రాసి
డబ్బా మూత బిగించి బురదలోకి దించేశాను.

ఏ పదేళ్లకో ఎవడో కుర్రాడు విప్పుతాడు.
టార్చి పళ్లమధ్య కరుచుకుని చీటీ చదివి
ఆఫీసుకి ఫోన్ చేస్తాడు:
ఈ కస్టమర్ ఎవరండీ,
మనకి బాకీయా,
మనమే బాకీయా?